రాణిగారి ఆఖరి ఉత్తరానికి తాళం

కవరు చేతికి రాగానే అందరూ అడ్రసు చూస్తారు, నేను అంచులు చూస్తాను. ముప్పై మూడేళ్ళు తపాలా శాఖలో పనిచేసిన అలవాటది. గోదావరి జిల్లాల్లో నాలుగైదు ఊళ్ళు తిరిగాను. కౌంటరు దగ్గర మొదలుపెట్టి పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాను. చేరిన కొత్తలో సాయంత్రం టపా బయల్దేరే ముందు సంచి మూతికి పురికొస బిగించి, లేబుల్ కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి సీలు అద్దేవాళ్ళం. ఆ లక్క వాసన, వేలికి తగిలితే లేచే పొక్కు ఇంకా గుర్తే. అవతలి ఆఫీసులో సీలు చెదిరి కనిపిస్తే సంచి మామూలుగా విప్పడానికి వీల్లేదు. సాక్షి ఉండాలి, తూకం వెయ్యాలి, ఎర్రర్ బుక్‌లో రాయాలి. లోపల ఉన్నది ఒక్క పోస్టుకార్డే అయినా సరే.

ఈ పట్టింపు ఉద్యోగంతో వచ్చింది కూడా కాదు. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఉండేదాన్ని. అమ్మ వారానికో ఇన్‌లాండ్ లెటరు రాసేది. ఒకసారి వచ్చిన ఉత్తరం అంచు మీద ఎండిపోయిన అన్నం మెతుకు కనిపించింది. ఎవరో విప్పి, చదివి, మెతుకుతో మళ్ళీ అతికించారు. నాన్న చేసిన అప్పు గురించి, తాకట్టులో ఉన్న పొలం గురించి అమ్మ అందులో రాసుకుంది. మర్నాడు మెస్సు బాకీ కోసం నన్ను పిలిచి అడిగిన తీరులోనే ఆ మాటలన్నీ ముందే చదివేశారని తెలిసిపోయింది. అమ్మకి మాత్రం చెప్పలేదు. చెబితే ఇక మనసు విప్పి రాయదని భయం.

రెండేళ్ళ కిందట ఎడిన్‌బరోలో ఉన్న మా చిన్నమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఒక శనివారం హోలీరూడ్ రాజభవనానికి తీసుకెళ్ళింది. స్కాట్లండ్ రాణి మేరీ ఉన్న గదులు అక్కడ ఒక బురుజులో ఉన్నాయి. పడకగదిని ఆనుకుని భోజనాల గది. గది అనడానికి లేదు, మా పాత క్వార్టర్స్‌లో సామాన్ల కొట్టంత ఉంది. 1566 మార్చి 9 రాత్రి, ఆరు నెలల గర్భంతో ఆవిడ అక్కడ కూర్చుని భోంచేస్తుంటే, సొంత భర్త డార్న్‌లీ, అతని తోటివాళ్ళు లోపలికి చొరబడ్డారు. ఆవిడ కార్యదర్శి రిజియోని ఆవిడ కళ్ళముందే బయటికి ఈడ్చుకుపోయి పొడిచి చంపారు. యాభైకి పైగా పోట్లు. అతను ఆవిడ గౌను కుచ్చిళ్ళు పట్టుకుని వదల్లేదట. ఆ గుమ్మంలో నిలబడితే నాకు కాళ్ళు ఆడలేదు.

మేరీ కథ వింటే ఎవరికైనా ఊపిరాడదు. 1542 డిసెంబరులో పుట్టిన ఆరో రోజునే తండ్రి పోయి రాణి అయింది. అయిదేళ్ళకి ఫ్రాన్స్ పంపేశారు. పదిహేనేళ్ళకి అక్కడి యువరాజుతో పెళ్ళి, పదహారేళ్ళకి ఫ్రాన్స్ రాణి, పద్దెనిమిది నిండటానికి మూడు రోజుల ముందు వితంతువు. స్కాట్లండ్ తిరిగొచ్చి డార్న్‌లీని చేసుకుంది. 1567లో అతను హత్యకి గురయ్యాడు. మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే, ఆ హత్య చేయించాడని లోకమంతా అనుకున్న బోత్‌వెల్‌తో మూడో పెళ్ళి. సామంతులు తిరగబడ్డారు. ఆవిణ్ణి చెరువు మధ్య లాక్‌లెవెన్ కోటలో పెట్టి, పదమూడు నెలల కొడుకు పేర సింహాసనం రాయించుకున్నారు. అక్కడినుంచి తప్పించుకుని, యుద్ధంలో ఓడి, 1568 మేలో పడవెక్కి ఇంగ్లండ్‌లో దిగింది. ఎలిజబెత్ రాణికి మేరీ మేనత్త మనవరాలు. బంధువు కదా, ఆదుకుంటుందనుకుంది. ఎలిజబెత్ ఆదుకోలేదు సరికదా, పందొమ్మిదేళ్ళపాటు కోట నుంచి కోటకి మారుస్తూ నిర్బంధంలో ఉంచింది. ఇద్దరూ ఒక్కసారి కూడా ఎదురెదురు పడలేదు. డార్న్‌లీ హత్యలో మేరీ చెయ్యి ఉందా లేదా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదనలోకి నేను వెళ్ళలేను. నా మనసుకి పట్టింది ఆవిడ ఉత్తరాలు.

ఆ రాత్రి అమ్మాయి లాప్‌టాప్‌లో స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వాళ్ళు పెట్టిన ఫొటో ఒకటి చూపించింది. మేరీ రాసిన ఆఖరి ఉత్తరం, మరణశిక్షకి కొద్ది గంటల ముందుది. 1587 ఫిబ్రవరి 8, బుధవారం, అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి ఫోదరింగే కోటలో రాసింది. ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీకి, అంటే మొదటి భర్త తమ్ముడికి, మరిదికి. అప్పటికి ఆవిడకి నలభై నాలుగేళ్ళు. అక్షరాలు నేననుకున్నదానికన్నా నిలకడగా ఉన్నాయి. కాగితం మీద అక్కడక్కడ సన్నటి చీలికలు కనిపించాయి.

"పురుగు కొట్టినట్టుందే" అన్నాను.

"కాదమ్మా, అవి తాళం వేసిన గాట్లు" అంది.

ఆ రోజుల్లో కవర్లు లేవు. ఉత్తరాన్నే మడిచి, ఉత్తరాన్నే కవరు చేసుకోవాలి. ఎవరూ దొంగతనంగా విప్పకుండా కాగితాన్నే కోసి, దూర్చి, బిగించే పద్ధతులు చాలా ఉండేవి. అమెరికాలో ఎంఐటీ గ్రంథాలయాల్లో పాత కాగితాలు పరిరక్షించే జానా డాంబ్రోజియో, లండన్ కింగ్స్ కాలేజీ పండితుడు డేనియల్ స్టార్జా స్మిత్, వాళ్ళ బృందం ఏళ్ళ తరబడి వీటిని వెతికి, చేతులతో మళ్ళీ చేసి చూశారు. దానికి లెటర్‌లాకింగ్ అని పేరు పెట్టారు. మేరీ ఆఖరి ఉత్తరానికి వేసింది చాలా కష్టమైన మెలి తాళమని 2021లో ఒక వ్యాసం రాశారు. మొత్తం ముప్పైకి పైగా అంచెలు. ఉత్తరం అంచునుంచే సన్నని తోక కోసి, దాన్నే సూదిగా, దాన్నే దారంగా వాడి మొత్తం పొట్లాన్ని కుట్టేస్తారు. విప్పాలంటే ఆ తోక తెగాల్సిందే. లక్క సీలునైతే వేడి కత్తితో లేపి మళ్ళీ అద్దేవాళ్ళుంటారు. తెగిన కాగితాన్ని తెగనట్టు చెయ్యడం ఎవరి తరమూ కాదు. నా సర్వీసంతా సీళ్ళ మధ్యే గడిచినా ఇలాంటిది నేను ఊహించలేదు.

ఇంటికొచ్చిన వారానికే మొదలుపెట్టాను.

మొదట చేతికందిన జిరాక్సు కాగితం తీసుకున్నాను. ఎడమ అంచు వెంట బ్లేడుతో గీస్తూ వచ్చి, పైన మాత్రం కొయ్యకుండా వదిలేశాను. వేలాడే ఆ తోక చివర బాకు మొనలా సన్నబడాలి. కాగితాన్ని నిలువుగా రెండు, అడ్డంగా మూడు మడతలు పెట్టాను. అప్పటికి అరచేతిలో పట్టే పొట్లమైంది. పొట్లానికి అంచు దగ్గర కత్తి మొనతో అన్ని పొరలూ తెగేలా చిన్న గాటు పెట్టి, తోక మొనని అందులో దూర్చి లాగాను. తోక పుటుక్కున తెగింది. రెండోదీ అంతే. మూడోసారి లెడ్జరు కాగితం వాడాను, అది మందంగా ఉండి మడతల దగ్గర లావెక్కింది, గాటు పడలేదు. గట్టిగా నొక్కితే కత్తి జారి బొటనవేలు తెగింది.

తప్పెక్కడుందో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మన జిరాక్సు కాగితం చెక్క గుజ్జుతో చేసింది, పీచు పొట్టి. ఆ కాలంలో యూరప్‌లో కాగితం పాత నార బట్టల పేలికలు నానబెట్టి, దంచి చేసేవాళ్ళు. పొడుగు పీచు. అది లాగితే సాగుతుంది, చప్పున తెగదు. హైదరాబాదులో ఉన్న మా పెద్దాడికి ఫోన్ చేసి, పత్తి గుజ్జుతో చేసిన చేతి కాగితం పది ఠావులు పంపమన్నాను. కొనేముందు ఒక మూల చింపి చూడమన్నాను, చిరిగిన అంచు నున్నగా కాకుండా నూగునూగుగా ఉండాలని చెప్పాను. వాడు షాపులో నిలబడి వీడియో కాల్ చేసి మరీ చూపించాడు.

ఆ కాగితం వచ్చేలోపు మేరీ ఉత్తరాల సంగతి దొరికినంత చదివాను. చార్ట్‌లీ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1586లో ఆవిణ్ణి చార్ట్‌లీలో ఉంచారు. కాపలాదారు సర్ ఏమియాస్ పాలెట్ ఉత్తరాలు రానివ్వడు, పోనివ్వడు. అలాంటి సమయంలో ఒక దారి దొరికింది. కోటకి బీరు పీపాలు వస్తాయి, పీపా బిరడాలో నీరు చొరని చిన్న పెట్టె పెట్టి ఉత్తరాలు దాటించొచ్చు. ఆవిడ నమ్మింది. ఆ దారి వేసిందే ఎలిజబెత్ మంత్రి వాల్సింగమ్. ఉత్తరాలు మోసిన గిల్బర్ట్ గిఫర్డ్ అతని మనిషి. ప్రతి ఉత్తరమూ ముందు వాల్సింగమ్ మనుషుల చేతికి వెళ్ళేది. ఆర్థర్ గ్రెగరీ అనే అతను సీలు తెలియకుండా విప్పి మళ్ళీ వేసేవాడు. థామస్ ఫెలిప్స్ సంకేత లిపిని విప్పి మామూలు భాషలో రాసేవాడు. ఎలిజబెత్‌ని చంపి మేరీని విడిపిస్తామని బాబింగ్టన్ అనే కుర్రవాడు రాశాడు, మేరీ జవాబిచ్చింది. ఆ జవాబు విప్పి రాసిన ఫెలిప్స్ దానిమీద ఉరికొయ్య బొమ్మ గీశాడు. అంతటితో ఆగలేదు, ఆ కుట్రలో ఉన్న ఆరుగురి పేర్లు అడుగుతూ మేరీ రాసినట్టే కింద దొంగ తాజా కలం చేర్చాడు.

కుట్ర తప్పే. ఒక రాజ్యాధినేతని చంపే పనికి ఊఁ అనడం చిన్న సంగతి కాదు, ఆ నేరానికి శిక్ష ఉంటుందని మేరీకి తెలియకపోదు. ఆ వైపు వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఇంకొకరి ఉత్తరం అడుగున, ఆ మనిషి రాసినట్టే ఒక వాక్యం చేర్చడం! ఆ ఒక్క పని నేను క్షమించలేను. మా శాఖలో ఒక కార్డు పొరపాటున తప్పు ఇంటికి వేసినా మనసు పీకేది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. 1578 నుంచి 1584 వరకు ఆవిడ ఎక్కువగా ఫ్రెంచి రాయబారి కాస్టెల్నోకి సంకేత లిపిలో రాసిన యాభై ఏడు ఉత్తరాలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఎవరివో తెలియక ఇటలీకి సంబంధించిన కాగితాలని జాబితాలో రాసేశారు. జార్జ్ లాస్రీ అనే కంప్యూటర్ నిపుణుడు, నార్బర్ట్ బీర్‌మన్ అనే సంగీత ఆచార్యుడు, సతోషి తొమోకియో అనే భౌతిక శాస్త్రం చదివిన ఆయన కలిసి వాటిని విప్పి, 2023లో బయటపెట్టారు. గుర్తులు విడిపోతున్నకొద్దీ స్త్రీలింగంలో మాటలు, 'నా కొడుకు', 'నా విడుదల' అన్న మాటలు, ఆపైన వాల్సింగమ్ పేరు కనిపించాయి. అప్పుడు ఇవి మేరీవని తేలింది. 1582లో కొడుకు జేమ్స్‌ని సామంతులు పట్టుకుపోయినప్పుడు ఆవిడ పడ్డ వేదన వాటిలో ఉంది. పది నెలల పసివాడప్పుడు చూసిన కొడుకు, మళ్ళీ ఎన్నడూ చూడలేదు. అప్పటి మాటని నాలుగు వందల నలభై ఏళ్ళకి మళ్ళీ చదివారన్నమాట.

కాగితాలు వచ్చాయి. ఈసారి ఖాళీ కాగితం మడవాలనిపించలేదు. ఆ ఆఖరి ఉత్తరం ఇంగ్లీషు అనువాదం అమ్మాయి ప్రింటు తీసి ఇచ్చింది. అది ముందు పెట్టుకుని నా తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే ఆవిడ వరస తెలుస్తుంది. ముందు సంగతి చెబుతుంది. రాత్రి భోజనం తర్వాత తీర్పు చెప్పారని, పొద్దున్న ఎనిమిదింటికి నేరస్తురాలిలా చంపుతారని. వీలునామా రాసుకుందామంటే కాగితాలు తీసేసుకున్నారని. నన్ను చంపేది నా మతం కోసం, ఇంగ్లండ్ సింహాసనం మీద నాకున్న హక్కు కోసం అని. పురోహితుడు ఇదే భవనంలో ఉన్నా నా దగ్గరికి రానివ్వలేదని. నా శరీరాన్ని మీ రాజ్యానికి, నేను రాణిగా ఉన్న చోటికి పంపమంటే ఒప్పుకోలేదని. ఆ తర్వాత తన సంగతి వదిలేసి పనివాళ్ళ దగ్గరికి వస్తుంది. దిక్కులేని నా సేవకులకి జీతాలు ఇప్పించండి అని మరిదిని అడుగుతుంది.

ఆ వాక్యం దగ్గర నా కలం ఆగింది. ఇంకో ఆరు గంటల్లో ప్రాణం పోతుందని తెలిసిన మనిషి జీతాల బకాయి గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత ఇంకో రెండు మాటలు. జబ్బులు రాకుండా కాపాడే రెండు మేలి రాళ్ళు మీకు పంపుతున్నాను, ఆరోగ్యంగా ఉండండి అని. చావబోతున్నది తను, ఆరోగ్యం కోరుకున్నది అవతలివాళ్ళకి. మా అమ్మ ఆఖరి ఇన్‌లాండ్ లెటర్లో కూడా సగం పైన పాలవాడి బాకీ, కింద 'దగ్గు ఎలా ఉంది, కషాయం తాగు' అన్న మాటే. ఇక ఆ పూట రాయలేకపోయాను.

రాసిన కాగితంతో అయిదో ప్రయత్నం. ఈసారి తోక తెగలేదు, కానీ గాట్లు వరసలో పడలేదు. గాటు ముందు పెట్టి తర్వాత మడిస్తే పొరలు కలవవు. మడిచాకే గాటు పెట్టాలి, పొట్లం కదలకుండా ఎడమ బొటనవేలితో నొక్కి పట్టాలి. మొన కింది వైపుకి వచ్చాక అంచు చుట్టూ తిప్పి పైకి తేవాలి, వెంటనే పక్కన ఇంకో గాటు. ముందు కుట్టుని తర్వాతి కుట్టు నొక్కుతూ మెలి తిరగాలి. అప్పుడు గుర్తొచ్చింది, ఈ పని నాకు కొత్త కాదు. చిన్నప్పుడు శ్రాద్ధాలకి అమ్మమ్మ పక్కన కూర్చుని విస్తళ్ళు కుట్టేదాన్ని. ఆకు మీద ఆకు పెట్టి, ఈనె మొన గుచ్చి, కిందినుంచి తిప్పి పైకి లాగి విరవడం. ఆకు చిరక్కుండా ఈనెని ఎంత వాలుగా గుచ్చాలో వేళ్ళకి తెలుసు. కత్తిని నిటారుగా పొడవడం మాని అదే వాలులో గుచ్చాను. దిగింది.

మెలికల చివర తోకని కొద్దిగా తడిపి నొక్కితే పీచు మెత్తబడి కాగితానికి అతుక్కుపోయింది. ఆరాక గోటితో లేపబోతే పై పొర ఊడొచ్చింది.

ఏడోది రాత్రి రెండు గంటలకి చేశాను. ఎలాగూ మోకాళ్ళ నొప్పులతో ఆ వేళకి మెలకువ వస్తుంది. లైట్లు ఆర్పి రెండు కొవ్వొత్తులు పెట్టుకున్నాను. వెలుగు ఒక పక్కనుంచే పడి గాటు కనిపించదు. కంటితో కాదు, వేలితో తడుముకుంటూ చెయ్యాలి. మేరీకీ కీళ్ళ నొప్పులే, ఏళ్ళ తరబడి చలి కోటల్లో ఉండి తెచ్చుకున్నవి. ఆవిడ కార్యదర్శులు క్లోద్ నో, గిల్బర్ట్ కర్ల్‌లని ముందు సంవత్సరం ఆగస్టులోనే పట్టుకుపోయారు. కాబట్టి ఆ రాత్రి ఉత్తరం స్వహస్తంతో రాసుకుంది. తాళం ఆవిడే వేసిందో, పక్కనున్న జేన్ కెన్నెడీ లాంటి చెలికత్తె చెయ్యి సాయం పట్టిందో మరి. నాకైతే ఆవిడే వేసిందనిపిస్తుంది. అత్తగారు కేథరీన్ డి మెడిచీ ఉత్తరాలకీ ఇదే తాళం ఉంది. ఎలిజబెత్ కూడా ఇదే వాడింది. అత్తవారింట నేర్చిన విద్య చేతికి అలవాటై ఉండాలి.

ఒకటి మాత్రం నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆ ఉత్తరంలో దాచాల్సిన రహస్యం ఏమీ లేదు. సంకేత లిపి కాదు, మామూలు ఫ్రెంచి. ఇంగ్లండ్ వాళ్ళు చదివినా ఆవిడకి ఇక పోయేదేమీ లేదు. మరి అంత శ్రమ ఎందుకు? కొవ్వొత్తి వెలుగులో ఎనిమిదోది బిగించేటప్పుడు నాకు తోచింది ఇది. చార్ట్‌లీలో ఆవిడ ఉత్తరాలు ఎన్ని చేతులు మారాయో విచారణలో ఆవిడకి తెలిసింది. తన పేరు మీద ఇంకొకరి మాట ఎలా చేరుతుందో ఊహించగలిగింది. ఈ ఒక్క ఉత్తరం తను రాసినట్టే చేరాలి. మధ్యలో ఎవరైనా విప్పితే, విప్పారన్న సంగతి హెన్రీకి తెలియాలి. మెతుకుతో అతికించిన ఇన్‌లాండ్ లెటరు చేతిలో పట్టుకుని నిలబడ్డ పదహారేళ్ళ పిల్లకి ఈ కారణం వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తరం వెంటనే వెళ్ళలేదు. సేవకుల్ని అదే కోటలో నెలల తరబడి ఆపేశారు. 1587 వేసవిలో పీటర్‌బరో చర్చిలో ఆవిడకి అంత్యక్రియలయ్యాకే వాళ్ళు కదలగలిగారు. ఫ్రాన్స్‌లో పాతిపెట్టమన్న కోరిక తీరలేదు. కొడుకు జేమ్స్ ఇంగ్లండ్ రాజయ్యాక, 1612లో తల్లిని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేకి మార్పించాడు. ఎలిజబెత్ సమాధి కూడా అక్కడే.

తొమ్మిదో పొట్లం నాకు నచ్చింది. మూడు మెలికలు, ఒక్కటీ వదులు లేదు. బల్ల మీద పడేస్తే చిన్న చెక్కముక్కలా చప్పుడు చేసింది. లోపల తెలుగు అనువాదం కింద అమ్మాయికి నా మాటలు నాలుగు రాశాను. హాస్టలు సంగతి కూడా రాశాను, అప్పటిదాకా పిల్లలకి చెప్పలేదు. పై కవర్లో పెట్టి ఇంటర్నేషనల్ స్పీడ్‌పోస్టు చేశాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు కవరు తడిమి "లోపల ఏంటి మేడం, గట్టిగా ఉంది?" అన్నాడు. "ఉత్తరమే బాబూ" అన్నాను.

పదకొండో రోజున అమ్మాయి ఫోన్ చేసింది. కవరు విప్పింది కానీ లోపలి పొట్లం తెరవలేదట. "చింపాలంటే చేతులు రావట్లేదమ్మా" అంది. రెండు రోజులు పుస్తకాల అల్మరాలో పెట్టుకుంది. మూడో రోజు పొద్దున్న ఫొటో వచ్చింది. కాగితం బల్ల మీద పరిచి ఉంది, పక్కన తెగిన తోక ముక్కలు మూడు. మడతల వెంట ఒకే ఎత్తులో, అద్దంలో చూసినట్టు అటూ ఇటూ సన్నటి చీలికలు. లైబ్రరీ ఫొటోలో పురుగు కొట్టిందని నేను అనుకున్నవి అలాగే ఉన్నాయి. కింద ఒక వాక్యం రాసింది. "నేను విప్పేదాకా ఎవరూ విప్పలేదమ్మా, చూసుకున్నాను."